మత్తునిద్రలో పసిపిల్లల వినికిడి పరీక్ష

"చెవిటివాని ముందు శంఖమూదినట్లు" అను సామెత మనలో ఎరుగనివారు లేరు. ఆ సామెతలో శంఖమూదువానికి, ఎదుటివాడు చెవిటివాడను సంగతి ముందే తెలియును. ఊయలలోని తొమ్మిది నెలల బిడ్డ విషయము అట్లు కాదు. బిడ్డ వినుచున్నదో లేదో తల్లికి తెలియదు, బిడ్డ చెప్పలేదు. తల్లి కంచముపై గరిట మ్రోగించి చూచును. తండ్రి తలుపు దడాలున మూసి చూచును. బిడ్డ తల త్రిప్పినంతనే ఇంటిల్లిపాదియు ఊరట చెందుదురు. ఆ తల త్రిప్పినది చప్పుడు వినియా, తలుపు మూసినప్పుడు తగిలిన గాలికా, గోడమీద కదలిన నీడకా అని విచారించువారు అరుదు. రెండేండ్లు వచ్చినను మాటలు రానిచో, "మగపిల్లలకు మాటలు ఆలస్యము, వాని మేనమామకును అంతే" అని పెద్దలు ధైర్యము చెప్పుదురు. ఇట్లు గడచిన నెలలు తిరిగి రావు.

మాట నాలుకతో పుట్టునని మనము తలంతుము గాని, నిజమునకది చెవితో పుట్టును. మెదడులో ధ్వనిని గుర్తించి, పలుకుల భేదమును గ్రహించు భాగములు తొలి ఏండ్లలో వినుటచేతనే రూపొందుచున్నవి. ఆ కాలమున ధ్వని చేరనిచో, తరువాత చేర్చిన ధ్వని అంతగా ఫలింపదు. అందుచేతనే వైద్యులు మూడు గడువులను నియమించిరి. పుట్టిన నెలలోపల ప్రతి శిశువునకు ప్రాథమిక పరీక్ష జరుగవలెను. అనుమానము కలిగినచో మూడు నెలలలోపల లోపమును నిర్ధారింపవలెను. ఆరు నెలలలోపల చికిత్స ఆరంభింపవలెను. మన దేశమున 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము, పిల్లలలో వెదకి గుర్తింపవలసిన లోపములలో పుట్టుచెవుడును చేర్చినది. అయినను, మన ఊళ్లలో బిడ్డ రెండవ ఏటనో మూడవ ఏటనో గాని పరీక్షకు రాకపోవుట తరచుగా కానవచ్చుచున్నది. ఆ వయసు పిల్లలు పరీక్షకు ఒదిగి పడుకొనరు. అప్పుడే మత్తుమందు ప్రసక్తి వచ్చుచున్నది. "మత్తులో ఉన్న బిడ్డకు వినబడునా? ఆ పరీక్షను నమ్మవచ్చునా?" అని తలిదండ్రులు అడుగుదురు. ఇది తగిన ప్రశ్న. దీనికి సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగమునందు మా ఉద్దేశము.

నోరు విప్పి చెప్పలేని బిడ్డ వినికిడిని కొలుచుటకు, బిడ్డను గాక బిడ్డ నాడులను ప్రశ్నింపవలెను. 1971లో అమెరికాకు చెందిన జ్యూయెట్, విల్లిస్టన్ అను శాస్త్రజ్ఞులు, చెవిలో టక్కుమను శబ్దము పడిన వెంటనే శ్రవణనాడినుండి మెదడు కాండము వరకు పుట్టు విద్యుత్తరంగములను నెత్తిమీదనుండియే నమోదు చేయవచ్చునని వివరముగా చూపి, వానికి రోమను అంకెలతో పేర్లు పెట్టిరి. మన ఆసుపత్రులలో "బెరా" పరీక్ష అని చెప్పునది ఇదియే. నుదుటను, చెవుల వెనుకను చిన్న ఎలక్ట్రోడులను అంటింతురు. చెవిలో శబ్దమును పంపుదురు. లోపలినుండి వచ్చు జవాబు ఒక మైక్రోవోల్టుకు మించని అతి సూక్ష్మమైన విద్యుత్తు. మెదడు తన సహజ వ్యాపారములో పుట్టించు విద్యుత్తు దానికి పదుల రెట్లు. కావున ఒకే శబ్దమును వేయి, రెండు వేల పర్యాయములు వినిపించి, యంత్రము ఆ జవాబులన్నింటిని కూడి సగటు తీయును. సంతలో ఒక్కని గొంతు వినబడకున్నను, ఒకే మాటను అదే క్షణమున వేయిమంది పలికినచో వినబడును గదా! ఇదియు అట్టిదే.

ఈ తరంగములలో ఐదు ముఖ్యములు. శబ్దము పడిన పది మిల్లీ సెకండులలోపల, అనగా సెకండులో నూరవ వంతు కాలములోపల, అవి ఒకదాని వెంట ఒకటి వచ్చును. వీనిని ఒక రైలు దాటిపోవు ఐదు స్టేషనులుగా భావింపవచ్చును. మొదటి స్టేషను శ్రవణనాడి. ఐదవది మెదడు కాండము పై భాగము. ప్రతి స్టేషనులోను రైలు దాటిన సమయమును వ్రాసియుంచినట్లు యంత్రము కాలమును గుర్తించును. రైలు మొదటి స్టేషనుకే ఆలస్యముగా వచ్చి, తరువాతి స్టేషనుల మధ్య యథావిధిగా నడచినచో, ఆలస్యము బయలుదేరుచోట జరిగినదన్నమాట. అనగా దోషము చెవిరంధ్రములోనో, మధ్యకర్ణములోనో ఉన్నది. మొదటి స్టేషను సకాలమున దాటి తరువాత వెనుకబడినచో, దోషము మార్గమధ్యమున, అనగా నాడిలో నున్నది. శబ్దమును క్రమముగా తగ్గించుచు పోయి, ఐదవ తరంగము ఏ కనిష్ఠ ధ్వనివరకు కనబడుచున్నదో చూచి వినికిడి హద్దును నిర్ణయింతురు. పరీక్షకుడు తెలిసికొనగోరునది ప్రధానముగా ఈ హద్దునే.

ఇంత సూక్ష్మమైన విద్యుత్తును పట్టుకొనవలెనన్నచో బిడ్డ కదలరాదు. మెడ బిగించినను, దవడ ఆడించినను కండరముల విద్యుత్తు ఆ జవాబును ముంచివేయును. ఆరు నెలలలోపు శిశువునకు ఇది కష్టము కాదు. కడుపునిండ పాలిచ్చి జోకొట్టినచో సహజ నిద్రలోనే పరీక్ష ముగియును. అందుచేత పసికందును పరీక్షకు తెచ్చు తల్లి, దారిలో బస్సులోనో ఆటోలోనో బిడ్డను నిద్రపోనీయక, పరీక్షాగదికి వచ్చిన పిదప పాలిచ్చి నిద్రపుచ్చుట మంచిది. వయసు పెరిగిన కొలది ఇది సాధ్యము కాదు. మన దేశమున అట్టి పిల్లలకు ట్రైక్లోఫాస్ వంటి నిద్రమందు ఇచ్చుట వాడుకలో నున్నది. దానికిని లొంగనివారు, ఆటిజము మున్నగు కారణములచే కుదురుగా నుండనివారు, వేరొక శస్త్రచికిత్సకై ఎట్లును మత్తు పొందవలసినవారు పూర్తి మత్తులో పరీక్షింపబడుదురు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. మత్తు పొందిన బిడ్డ వినునా? "అమ్మ పిలుచుచున్నది" అని తెలిసికొను వినికిడి మెదడు పైపొరలకు చెందినది. అది మత్తులో ఉండదు. కాని చెవినుండి మెదడు కాండము వరకు గల త్రోవ మేలుకొనియే యుండును. ఉత్తరమందుకొనవలసిన ఇంటివారు గాఢనిద్రలో నున్నను, టపాబండి ఊరూరు దాటి వచ్చుచునే యుండును గదా! బెరా పరీక్ష కొలుచునది ఆ టపాబండి ప్రయాణమునే గాని, ఉత్తరము చదువుకొనుటను గాదు. శస్త్రచికిత్సకు ఇచ్చు సాధారణ మోతాదులలో సెవోఫ్లూరేను, ఐసోఫ్లూరేను వంటి పీల్చు మందులుగాని, నరమునకెక్కించు ప్రొపొఫాలుగాని ఈ ఐదు తరంగములను మాయము చేయజాలవు. అవి రైలును కొంచెము ఆలస్యము చేయును, అంతియే. ఆ ఆలస్యము మిల్లీ సెకండులో కొన్ని పదవ వంతులు మాత్రమే. మోతాదు పెరిగినకొలది కొంత పెరుగును. కావున మేలుకొని యున్న పిల్లల కొలతలతో మత్తులోని బిడ్డ కొలతలను గ్రుడ్డిగా పోల్చరాదు. అట్లు పోల్చినచో లేని నాడీదోషము ఉన్నట్లు తోచవచ్చును. చక్కగా వినగల బిడ్డను పూర్తి చెవిటిగా చూపు శక్తి మత్తుమందునకు ఈ పరీక్షలో లేదని మాత్రము తలిదండ్రులు తెలిసికొనవలెను.

అయినచో మత్తువలన పొరపాటు కలుగనే కలుగదా? కలుగవచ్చును. అయితే అది నాడికంటె ముందు మధ్యకర్ణమున ఎదురగును. కర్ణభేరి వెనుక ఒక చిన్న గాలిగది యున్నది. ఆ గదిలోని గాలి ఒత్తిడి, బయటి గాలి ఒత్తిడి సమానముగ నున్నపుడే కర్ణభేరి హాయిగా కంపించును. నవ్వించు వాయువని ప్రసిద్ధి పొందిన నైట్రస్ ఆక్సైడు, రక్తమున కరుగు శక్తియందు నత్రజనికంటె ముప్పది రెట్లకు పైబడినది. అది మూతపడిన గాలిగదులలోనికి నత్రజని వెలువడుటకంటె శీఘ్రముగా ప్రవేశించును. దానితో మధ్యకర్ణమున ఒత్తిడి పెరిగి కర్ణభేరి బయటికి ఉబ్బును. వాయువు నాపిన పిదప అది అంతే వేగముగా తరలిపోవుటచే ఒత్తిడి తగ్గి కర్ణభేరి లోనికి లాగబడవచ్చును. ఈ రెండు దశలలోను కర్ణభేరి బిగుసుకొనును. మధ్యకర్ణమును పరీక్షించు టింపనోమెట్రీ అప్పుడు నిజస్థితిని చెప్పదు.

దీనివలన మరియొక పరీక్షయు చెడును. 1978లో లండనులో డేవిడ్ కెంప్ అను శాస్త్రజ్ఞుడు ఒక ఆశ్చర్యకర విషయమును ప్రకటించెను. చెవి ధ్వనిని పుచ్చుకొనుటయే గాక, తానును సన్నని ప్రతిధ్వనిని వెలువరించునట! నత్తగుల్లవలె చుట్టుకొన్న అంతఃకర్ణములోని బాహ్యకేశకణముల చలనమువలన ఆ ధ్వని పుట్టును. దానిని పట్టుకొను పరీక్ష నేడు ప్రసూతి ఆసుపత్రులలో శిశువులకు చేయబడుచున్నది. ఈ సన్నని ధ్వని బయటికి వచ్చుటకు మధ్యకర్ణమే ద్వారము. ద్వారము బిగుసుకొన్నచో లోపలి కణములు ఆరోగ్యముగ నున్నను ధ్వని బయటికి రాదు. కావున ఈ పరీక్షలను మత్తునకు ముందే చేసికొనుట, లేదా మత్తువైద్యునితో ముందుగా మాటలాడి నైట్రస్ ఆక్సైడు లేకుండ జరుపుకొనుట ఉత్తమము.

రెండవ కారణము చలి. శస్త్రచికిత్స గది చల్లగా నుండును. మత్తులో నున్న పసిబిడ్డ దేహము తన వేడిని నిలుపుకొనజాలదు. దేహపు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గినచో మొదటి తరంగమునకు, ఐదవ తరంగమునకు నడుమ వ్యవధి సుమారు 0.2 మిల్లీ సెకండులు పెరుగును. మత్తుమందు చేసిన ఆలస్యమునకు చలి చేసిన ఆలస్యము కూడును. బిడ్డను వెచ్చగా కప్పియుంచి, ఉష్ణోగ్రతను పరీక్షాపత్రముపై వ్రాసియుంచుట అందుకే. వయసు సంగతియు ఇట్టిదే. శిశువు నాడీమార్గము పక్వము కాలేదు గనుక ఐదవ తరంగము పెద్దవారికంటె ఆలస్యముగా వచ్చును. సుమారు రెండేండ్లకు గాని పెద్దల స్థాయికి చేరదు. నెలల బిడ్డను నెలల బిడ్డల కొలతతోనే పోల్చవలెను.

మూడవది, పరీక్ష ఎంపిక. తంబురా శ్రుతివలె ఎడతెగక సాగుచు, లయబద్ధముగా హెచ్చుతగ్గులగు ధ్వనిని వినిపించి, మెదడు ఆ లయను అనుసరించుచున్నదేమో చూచు పద్ధతి ఒకటి కలదు. స్వరమునకొక్కటిగా వినికిడిని కొలుచుటకు అది మిక్కిలి ఉపయోగకరము. 1981లో గాలంబోస్ మున్నగువారు సెకండునకు 40 పర్యాయములు హెచ్చుతగ్గులగు ధ్వనికి వచ్చు జవాబును వర్ణించిరి. మేలుకొన్న పెద్దలలో అది బలముగా కనబడును. కాని ఆ జవాబులో మెదడు పైభాగముల పాత్ర పెద్దది గనుక నిద్రలో తగ్గును, మత్తులో మిక్కిలి అణగిపోవును. దానినే మత్తులోని బిడ్డకు ప్రయోగించినచో వినగల బిడ్డయు వినలేనట్లు కనబడవచ్చును. సెకండునకు 80కి పైబడిన వేగమున చేసినచో జవాబు ప్రధానముగా మెదడు కాండమునుండి వచ్చును. అది మత్తునకు అంతగా లొంగదు. పిల్లలకు వాడదగినది ఈ రెండవదే.

నాలుగవది, చెవిలోని ఒక చిన్న కండరము. పెద్ద చప్పుడు వినినంతనే స్టేపీడియస్ అను కండరము తనంత తాను బిగుసుకొనును. దానిని గమనించుటయు ఒక పరీక్ష. కాక్లియర్ ఇంప్లాంటు అమర్చునపుడు, యంత్రమునకు ఎంత విద్యుత్తు చాలునో అంచనా వేయుటకును ఈ బిగింపును చూతురు. పీల్చు మత్తుమందులు ఈ బిగింపును మందగింపజేయును. కండరములను సడలించు మందు ఇచ్చినచో అది పూర్తిగా మాయమగును. అప్పటి అంకెలను నమ్మి యంత్రమును హెచ్చుగా త్రిప్పినచో, మేలుకొన్న బిడ్డ ఆ ధ్వనికి బెదరి ఏడ్చును. అందుచే తుది సవరణ మేలుకొన్న తరువాతనే చేయుదురు.

ఇక గది చప్పుడు. శస్త్రచికిత్స గది నిశ్శబ్దమైన చోటు కాదు. ఊపిరి యంత్రము, వెచ్చని గాలి నూదు యంత్రము, రక్తమును పీల్చు గొట్టము అన్నియు మ్రోగుచుండును. విద్యుత్పరికరములు ఎలక్ట్రోడులలోనికి చొరబడుచుండును. అట్టి చోట మిక్కిలి సన్నని ధ్వనులకు జవాబు దొరకనిచో అది బిడ్డ లోపము కాకపోవచ్చును. మధ్యకర్ణములో నీరు చేరిన పిల్లలకు, ఆ నీటిని తీసి గ్రోమెట్ అను చిన్న గొట్టమును అమర్చి, అదే మత్తులో వినికిడి పరీక్షయు చేయుట కలదు. ఒకే మత్తుతో రెండు పనులు ముగియుట మేలే. కాని అప్పుడే కోసిన చోట రక్తపుచుక్కలు, మిగిలిన జిగురు, పీల్చు గొట్టపు హోరు కొంతసేపు వినికిడిని తగ్గింపవచ్చును. ఆనాడు కనబడిన కొద్దిపాటి లోపమును శాశ్వతమని తలపక, కొన్ని వారములకు తిరిగి పరీక్షింపవలెను.

ఇన్ని కారణములచేత, ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదను నియమము వైద్యమున స్థిరపడినది. 1976లో జర్జర్, హేస్ అనువారు దీనిని సూత్రముగా ప్రతిపాదించిరి. ఏ ఒక్క పరీక్షాఫలితమును వేరొక స్వతంత్ర పరీక్ష బలపరచవలెననుట దాని సారము. కొందరు పిల్లలలో చెవి ప్రతిధ్వని చక్కగా వచ్చును గాని బెరా తరంగములు కానరావు. వారిలో కేశకణములు బాగున్నను నాడి స్పందనములు ఏకకాలమున నడువక చెదరిపోవును. అట్టి బిడ్డ వినికిడి మేలుకొన్నపుడు ఎట్లున్నదో బెరా ఒక్కటియే చెప్పజాలదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు, చప్పుడు వైపు తల త్రిప్పినపుడు దీపము వెలుగు బొమ్మను చూపి పరీక్షింపవచ్చును. మూడేండ్ల ప్రాయమున, చప్పుడు వినినప్పుడెల్ల ఒక గోళీని గిన్నెలో వేయుమని ఆటవలె పరీక్షింపవచ్చును. మత్తులో పొందిన అంకెలకు ఇవియే సాక్షులు.

మత్తువలన ప్రాణభయము లేదా అని మరికొందరు అడుగుదురు. ఈ విషయమున మన హైదరాబాదునకు ఒక చరిత్ర కలదు. 1888, 1889 సంవత్సరములలో, ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆదరణమున, ఎడ్వర్డు లారీ అను వైద్యుని పూనికతో, క్లోరోఫారము కమిషనులు అచ్చట పరిశోధనలు జరిపినవి. ఊపిరిని కనిపెట్టియున్న చాలును, గుండెకు నేరుగా అపాయము లేదని అవి తీర్మానించినవి. 1911లో గుడ్‌మన్ లెవీ చేసిన పరిశోధనలు, తేలిక క్లోరోఫారము మత్తులో గుండె హఠాత్తుగా ఆగవచ్చునని చూపినవి. నేడు క్లోరోఫారము లేదు. ఊపిరి, గుండె, రక్తములోని ప్రాణవాయువు మూడింటిని ఎడతెగక కనిపెట్టుచు మత్తునిత్తురు. పసిమెదడు విషయమై, 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, మూడేండ్లలోపు పిల్లలకు మూడు గంటలకు మించిన మత్తును, లేదా పలుమార్లు ఇచ్చు మత్తును గూర్చి హెచ్చరిక చేసినది. 2019లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనములో, శైశవమున గంటలోపు మత్తు పొందిన పిల్లలు, శరీరభాగమునకు మాత్రమే మత్తు పొందిన పిల్లలతో ఐదవ ఏట బుద్ధియందు సమానముగానే యుండిరి. కావున అవసరము లేక మత్తు వలదు. అవసరమైనచో ఒక్క పర్యాయములోనే కావలసిన పరీక్షలన్నియు పూర్తి చేయించుట వివేకము.

తలిదండ్రులు చేయవలసినవి కొన్ని గలవు. మత్తునకు ముందు ఆవుపాలు, డబ్బాపాలు, అన్నము ఆరు గంటలు, తల్లిపాలు నాలుగు గంటలు, మంచినీరు రెండు గంటలు మానిపించుట సాధారణ నియమము. వైద్యుడు వేరుగా చెప్పినచో అదియే పాటింపవలెను. "బిడ్డ ఏడ్చుచున్నది, రెండు గుక్కలు పట్టింతము" అని అమ్మమ్మ జాలిపడి రహస్యముగా పాలు పట్టుట ప్రమాదకరము. ఆ పాలు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. జలుబు, దగ్గు, చెవిపోటు ఉన్నచో దాచరాదు. జలుబు మత్తునకును మంచిది కాదు. మధ్యకర్ణపు పరీక్షకును మంచిది కాదు. నిద్రమందును ఇంటివద్దనే పట్టి తీసికొని రారాదు. ఊపిరిని కనిపెట్టువారున్న చోటనే ఇప్పింపవలెను. పరీక్ష ముగిసిన పిదప, "వినబడునా, వినబడదా" అని మాత్రమే అడిగి ఊరకుండక, మధ్యకర్ణమును ముందుగా చూచిరా, రెండు చెవులను వేరువేరుగా కొలిచిరా, హెచ్చుస్వరములకు, తగ్గుస్వరములకు విడివిడిగా చూచిరా, ఏ మత్తు ఇచ్చిరి, తిరిగి ఎప్పుడు రావలెను అని అడిగి, ఆ కాగితమును భద్రపరచవలెను.

సహాయమునకు దూరము పోనక్కరలేదు. హైదరాబాదున జన్మించిన నవాబు అలీ యావరుజంగు పేరిట 1983లో ముంబయిలో వెలసిన జాతీయ సంస్థకు సికింద్రాబాదున ప్రాంతీయ కేంద్రము కలదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద పేదయిండ్ల పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్సలు జరిగినవి. లోపము తెలిసిన బిడ్డకు త్రోవ ఉన్నది. తెలియని బిడ్డకే త్రోవ లేదు.

కావున మా విన్నప మిది. మత్తుమందు పేరు విని పరీక్షను వాయిదా వేయవలదు. మత్తులో తీసిన ఒక్క కాగితమును చూచి నిరాశ చెందవలదు, నిశ్చింతగా నుండవలదు. మత్తు పరీక్షను కొంత మార్చును. ఎంత మార్చునో, ఎక్కడ మార్చునో ఎరిగిన పరీక్షకునికి ఆ మార్పు అడ్డము కాదు. బిడ్డ మేలుకొన్న తరువాత మరల చూడుడు. ఆరు నెలలు పెద్దలకు స్వల్పకాలమే. మాట నేర్చుకొనవలసిన బిడ్డకు అది మరల దొరకని కాలము.